కాలు దించని స్వారీ: ట్రయల్స్ మోటార్‌సైకిల్ ఎంపిక, సంరక్షణ, సాధన

ట్రయల్స్ వేగంతో పని లేని మోటార్‌సైకిల్ క్రీడ. కొండవాలులోనో వాగులోనో బండరాళ్లు, చెట్ల వేళ్లు, నీటి గుంటలు, బురద గట్లు ఉన్న చోటు చూసి కొన్ని గజాల మేర దారి గుర్తుపెడతారు. ఆ దారికి కుడివైపు ఎర్ర గుర్తులు, ఎడమవైపు నీలం గుర్తులు ఉంటాయి. దీన్నే సెక్షన్ అంటారు. రైడర్ ఈ మొదలు నుంచి ఆ చివరి దాకా కాలు నేలకు ఆనించకుండా బండి నడపాలి. కాలు ఒకసారి ఆనితే ఒక మార్కు, రెండుసార్లకు రెండు, అంతకు మించి ఎన్నిసార్లు ఆనినా మూడు. బండి హద్దు దాటినా, పడిపోయినా, ఇంజన్ ఆగి కాలు కింద పెట్టినా ఐదు. అసలు ఆనకపోతే సున్నా. ఇవన్నీ జరిమానా మార్కులే కాబట్టి చివరకు ఎవరి మొత్తం తక్కువైతే వారే విజేత. సెక్షన్ పక్కన నిలబడి కాలు ఎన్నిసార్లు ఆనిందో లెక్కపెట్టే మనిషి అబ్జర్వర్. కొన్ని పోటీల్లో బండి క్షణం ఆగినా ఐదు పడుతుంది, కొన్నింటిలో ఆగి నిలదొక్కుకోవచ్చు. సాధన చేసే తీరంతా దీన్నిబట్టి మారుతుంది కనుక నియమం ఏదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ క్రీడకు పుట్టిల్లు బ్రిటన్. స్కాట్లండ్‌లో ఆరు రోజులు సాగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ 1911 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. ఇప్పుడది ఏటా మే నెలలో ఫోర్ట్ విలియం పట్టణం కేంద్రంగా జరుగుతుంది. యార్క్‌షైర్‌లో 1914లో మొదలైన స్కాట్ ట్రయల్‌లో మాత్రం కాలి మార్కులతో పాటు పట్టిన సమయాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. తొలి దశాబ్దాల్లో వాడినవి ఎక్కువగా రోడ్డు మీద తిరిగే బరువైన ఫోర్‌స్ట్రోక్ బండ్లు. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు ఈ చరిత్రలో గౌరవమైన చోటు ఉంది. వెనక చక్రానికి స్ప్రింగుల సస్పెన్షన్ ఉంటే బండి పట్టు తప్పుతుందని చాలామంది నమ్మిన 1948లో బుల్లెట్ నమూనాలు ఆ సస్పెన్షన్‌తోనే ట్రయల్స్ బరిలో దిగాయి. జానీ బ్రిటన్ 1952లోనూ 1957లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచింది బుల్లెట్ మీదే. 2019లో భారత మార్కెట్లోకి వచ్చిన బుల్లెట్ ట్రయల్స్ మోడల్ ఆ విజయాల జ్ఞాపకార్థం తయారైంది. అయితే దాని బరువు 190 కిలోల దరిదాపు. పైకెత్తిన సైలెన్సరు, మొరటు టైర్లు ఉన్నా అది రోడ్డు బండే. ఆధునిక ట్రయల్స్ బండి 70 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. మనిషి తూకానికి బండి తూకం సరితూగాకే ఈ విద్య రూపం మారింది.

ఆ మార్పుకు కారకుడు సామీ మిల్లర్. ఐదువందల సీసీ ఏరియల్ బండిని ఏళ్ల తరబడి చెక్కుతూ, కోస్తూ బరువు తగ్గించిన ఈ ఐర్లండ్ రైడర్ 1964 చివర్లో స్పెయిన్‌లోని బుల్టాకో సంస్థకు మారి, ఒక టూస్ట్రోక్ బండి రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. షెర్పా టి పేరుతో వచ్చిన ఆ బండి మీద 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. దానితో బ్రిటిష్ ఫోర్‌స్ట్రోక్‌ల కాలం ముగియసాగింది. మోంటెసా, ఓసా సంస్థలు కూడా అదే దారి పట్టాయి. ఆ పరంపరలోనే స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం ఈ క్రీడకు రెండో పుట్టిల్లయింది. అక్కడివాడైన టోనీ బౌ 2007 నుంచి 2024 వరకు ప్రపంచ టైటిల్‌ను ఒక్క ఏడాది కూడా చేజార్చుకోలేదు. మహిళల్లో లైయా సాంజ్ 14 ట్రయల్స్ ప్రపంచ టైటిళ్లు గెలిచింది. కండబలం ఎక్కువున్నవారికే ఈ ఆట అనుకోవడం పొరపాటు.

ట్రయల్స్ బండికి సీటు ఉండదు. రైడర్ అసలు కూర్చోడు కాబట్టి సీటు అక్కర్లేదు. పెట్రోలు ట్యాంకు రెండు మూడు లీటర్లు పడుతుంది. నేలకూ ఇంజన్ అడుగుకూ మధ్య ఎడం 300 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. ఇంజన్ కింద మందపాటి అల్యూమినియం రేకు బిగించి ఉంటుంది. బండరాయి అంచు మీద బండి అడుగు ఆనినప్పుడు జారేది ఆ రేకు మీదే. హ్యాండిల్ రెండు వైపులకూ బాగా తిరుగుతుంది. క్లచ్, బ్రేకు లివర్లు ఒక్క వేలితో నొక్కగలిగేంత మెత్తగా పనిచేస్తాయి. మోటోక్రాస్ బండితో దీన్ని ఒకే గాటన కట్టకూడదు. మోటోక్రాస్ ఇంజన్‌కు రేజ్ చేస్తేనే బలం వస్తుంది. ట్రయల్స్ ఇంజన్ నడక కంటే నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా తడబడకుండా లాగాలి.

బండి ఎంపికలో కొత్తవారు సాధారణంగా చేసే తప్పు పెద్ద ఇంజన్ తీసుకోవడం. 300 సీసీ బండి అనుభవజ్ఞుల చేతిలో గొప్పదే. కానీ క్లచ్ మీద అదుపు రాని చేతిలో అది ఒక్కసారిగా ముందుకు దూకి మనిషిని వెనక్కి పడేస్తుంది. పెద్దవారికి 250, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకు, తక్కువ బరువున్నవారికి 125 సరిపోతాయి. అయితే 125లో బలం తక్కువ గనుక ఎత్తు ఎక్కేటప్పుడు రేజ్ ఎక్కువ కావాలి, క్లచ్ నేర్పు ఎక్కువ కావాలి. తేలిక బండి కాబట్టి సులువు అనుకుంటే నిరాశే. మోంటెసా కోటా 4ఆర్‌టీ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌తో నడుస్తుంది, దాని లాగుడు మెత్తగా ఉంటుంది. బీటా, షెర్కో, గ్యాస్‌గ్యాస్, టీఆర్ఎస్, వెర్టిగో సంస్థల బండ్లు ఎక్కువగా టూస్ట్రోక్‌లు. వీటిలో టీఆర్ఎస్ వెనక ఉన్న జోర్డీ టారెస్ ఏడుసార్లు ప్రపంచ విజేత. ఎలక్ట్రిక్ మోషన్, చిన్నపిల్లల కోసం ఓసెట్ వంటి విద్యుత్ బండ్లు చప్పుడు చేయవు కనుక ఇళ్ల దగ్గర సాధనకు అనుకూలం. సంస్థ పేరు కంటే, ఉన్న ఊరికి విడిభాగాలు సులువుగా తెప్పించుకోగలగడం ముఖ్యం.

మొదటి బండి పాతదైతేనే మేలు. ఎలాగూ అది వందలసార్లు కింద పడుతుంది. పాత బండి చూసేటప్పుడు మెరుపును పట్టించుకోనక్కర్లేదు. బండిని ఎత్తి స్టాండు మీద పెట్టి వెనక చక్రాన్ని పైకీ కిందికీ కదపాలి. టకటకమని చప్పుడొస్తే షాక్ అబ్జార్బర్‌కు కలిసే లింకేజీ బేరింగులు అరిగినట్టు. బురద, నీళ్లు మొదట చేరే చోటది, చాలామంది ఎన్నడూ విప్పని చోటు కూడా అదే. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు నడిమధ్యలో ఎక్కడో పట్టుకున్నట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టు. ఇంజన్ కింది రేకు లోతుగా లొత్తపడి ఉంటే దాన్ని విప్పించి లోపల ఇంజన్ కేసు పగిలిందేమో చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. కొనుగోలుదారు వచ్చేసరికే వేడెక్కి ఉన్న బండిని మరోసారి, చల్లారాక చూడటం మంచిది. చక్రాల పుల్లలు వదులయ్యాయా, ఫోర్కు సీళ్ల నుంచి నూనె కారుతోందా, ఫుట్‌పెగ్ పళ్లు అరిగాయా అన్నవీ చూడాలి గానీ ఇవి బేరం తగ్గించుకోవడానికి పనికొచ్చేవే తప్ప బండిని వద్దనుకునేవి కావు.

సంరక్షణ విషయంలో ట్రయల్స్ బండి కోరేది డబ్బు కాదు, క్రమం. నెమ్మదిగా పోయే బండిలో చిన్న లోపం కూడా పెద్దగా తెలుస్తుంది. వేగంగా పోయే బండికి క్లచ్ కాస్త పట్టేస్తున్నా రైడర్ గమనించడు. రెండు రాళ్ల మధ్య అంగుళం అంగుళం జరుపుతున్నప్పుడు అదే లోపం ఐదు మార్కులు తెస్తుంది. అందుకే బండిని సరిగ్గా ఉంచుకోవడం సాధనలో భాగమే అవుతుంది.

ముందుగా చూడాల్సింది టైర్లలో గాలి. రోడ్డు బండి టైర్లలో ఇరవై ముప్పై పీఎస్‌ఐ గాలి పెడితే, ట్రయల్స్ బండి వెనక టైరులో నాలుగైదు, ముందు టైరులో ఆరు చుట్టూ ఉంచుతారు. అంత తక్కువ గాలితో టైరు రాయి ఆకారానికి ఒదిగి అంటిపెట్టుకుంటుంది. ఒక్క పీఎస్‌ఐ తేడా కూడా పట్టులో తెలుస్తుంది. పెట్రోలు బంకులోని మీటరు ఇంత తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపదు. పదిహేను లోపు కొలిచే చిన్న గేజి విడిగా కొనుక్కోవాలి, కొత్తవారు చేసే ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటైనది అదే. వెనక టైరు ట్యూబు లేనిది, ముందుది సాధారణంగా ట్యూబు ఉన్నది. వెనక టైరు దిమ్మెల అంచులు వాడిగా ఉన్నంత కాలమే తడి రాళ్ల మీద పట్టు దొరుకుతుంది. ఒకవైపు అంచులు గుండ్రబడ్డాక టైరును తిప్పి వేసుకుని రెండో అంచును వాడుకునేవారు ఉన్నారు. తారురోడ్డు మీద ఎక్కువ తిప్పితే ఈ టైరు చాలా త్వరగా పాడవుతుంది.

టూస్ట్రోక్ బండికి పెట్రోలులో నూనె కలపాలి. నిష్పత్తి తయారీదారు పుస్తకంలో ఉంటుంది. 80కి ఒకటి, 100కి ఒకటి సాధారణం. 80కి ఒకటి అంటే ఐదు లీటర్ల పెట్రోలుకు సుమారు 62 మిల్లీలీటర్ల నూనె. ట్యాంకులోనే అంచనాగా పోయడం మంచిది కాదు. విడి క్యానులో కొలిచి కలిపి, క్యాను మీద తేదీ రాసి ఉంచుకోవాలి. నూనె ఎక్కువైతే ఇంజన్‌కు మేలనే భావన ఈ బండ్ల విషయంలో చెల్లదు. నెమ్మదిగా నడిచే ఇంజన్ ఆ నూనెను పూర్తిగా కాల్చలేదు. మిగిలింది ప్లగ్గుకు పడుతుంది, సైలెన్సరు లోపలి దూదిని తడిపి మూసేస్తుంది, ఇంజన్ మందగిస్తుంది. బలం తగ్గిందని కార్బురేటర్ విప్పే ముందు సైలెన్సరు విప్పి చూస్తే చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది.

గేరుపెట్టె నూనె క్లచ్‌కు కూడా అదే. సీసా మీద ఏముందో చూడకుండా చిక్కని ఇంజన్ ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు అంటుకుని, లివరు పూర్తిగా నొక్కినా బండి ముందుకు లాగుతూనే ఉంటుంది. ఈ బండ్లకు పలచని నూనె కావాలి. కొద్ది వందల మిల్లీలీటర్లే పడుతుంది గనుక తరచు మార్చడం భారం కాదు. నూనె పాలలా తెల్లబడి వస్తే లోపలికి నీళ్లు చేరుతున్నాయని అర్థం. వాటర్ పంపు సీలు చూడాలి. కొన్నాళ్లు నిలిచిన బండిని స్టార్ట్ చేసే ముందు గేరులో వేసి, క్లచ్ నొక్కి ముందుకీ వెనక్కీ ఊపితే అంటుకున్న ప్లేట్లు విడిపోతాయి. ఈ చిన్న పని మరిచి మొదటి గేరు వేసినవారి బండి గోడకు కొట్టుకోవడం అరుదు కాదు.

ఎయిర్ ఫిల్టరు స్పాంజితో చేసినది. దుమ్ములో తిరిగిన ప్రతి రోజు తరువాతా తీసి, దానికి తగిన ద్రావకంతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టరు నూనె పట్టించి, అదనపు నూనె పిండి బిగించాలి. పెట్రోలుతో కడిగితే స్పాంజి అతుకులు విడిపోతాయి, నిప్పు భయం సరేసరి. బండి కడిగేటప్పుడు గాలి లోపలికి పోయే దారిని మూసేయాలి. పైపుతో బలంగా నీళ్లు కొట్టేవారు చక్రాల ఇరుసులు, లింకేజీ, స్టీరింగ్ తల వైపు ధార పెట్టకూడదు. గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోతాయి. కడిగాక చైను తుడిచి నూనె పెట్టాలి, రెండు చక్రాల పుల్లలనూ చేత్తో తడిమి చూడాలి. బ్రేకు ప్యాడ్లు బురదలో అనుకున్నదాని కంటే త్వరగా అరుగుతాయి. ఏడాదికి ఒకసారైనా లింకేజీ, స్వింగార్మ్ విప్పి కొత్త గ్రీజు పెట్టాలి, తడి నేలల్లో తిరిగేవారు ఆరు నెలలకోసారి.

ఇక స్వారీ. అంతా నిలబడటంతో మొదలవుతుంది. పాదాల ముందు భాగం ఫుట్‌పెగ్‌ల మీద ఉంటుంది, మోకాళ్లు కొంచెం వంగి, మోచేతులు బయటికి తెరుచుకుని, నడుము వెనక్కి. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోటు మీద. ఒక వేలు క్లచ్ మీద, ఒక వేలు ముందు బ్రేకు మీద ఎప్పుడూ ఉండాలి. బరువంతా కాళ్లే మోస్తాయి. సాయంత్రానికి ముంజేతులు నొప్పి పుడుతున్నాయంటే హ్యాండిల్‌ను పట్టుకు వేలాడుతున్నట్టే.

మలుపులు నేర్చుకోకుండా రాళ్ల మీదికి పోయేవారు చాలామంది. అడ్డంకులు ఆకర్షిస్తాయి, నిజమే. కానీ మార్కులు పోయేది ఎక్కువగా మలుపుల్లోనే. ఇరుకు మలుపులో బండి లోపలికి ఒరుగుతుంది, మనిషి బయటికి ఉంటాడు, బరువు బయటి ఫుట్‌పెగ్ మీద పడుతుంది. క్లచ్ సగం పట్టిన చోటులో ఉంచి, వెనక బ్రేకును లేతగా నొక్కి ఉంచితే బండి కుదుపు లేకుండా తిరుగుతుంది. చదునైన నేల మీద రెండు రాళ్లు పెట్టి ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం తొలి పాఠం. అది కుదిరాక రాళ్లను దగ్గరికి జరపాలి, తరువాత అదే ఎనిమిదిని వాలు మీద వేయాలి. అనుభవజ్ఞులకు కూడా సాధన మొదలుపెట్టేటప్పుడు ఇది పనికొస్తుంది. ట్రయల్స్ బండి లేనివారు కూడా ఏ తేలికపాటి బండితోనైనా ఖాళీ స్థలంలో దీన్ని ఆరంభించవచ్చు. రోజుకు పావుగంట చాలు.

నిలిచిన బండి మీద కాలు దించకుండా ఉండటం రెండో పాఠం. హ్యాండిల్ ఒక వైపుకు పూర్తిగా తిప్పి, ముందు చక్రాన్ని గోడకు లేదా రాయికి ఆనించి, ఇంజన్ ఆపి నిలబడి సాధన చేయాలి. ఇది అలవాటైన రైడర్‌కు సెక్షన్ మధ్యలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

దుంగ దాటడం మూడోది. మోకాలి ఎత్తు లోపు దుంగతో మొదలుపెట్టాలి. దగ్గరికి నెమ్మదిగా వచ్చి, కొద్ది ఎడం ఉండగా శరీరంతో ముందు ఫోర్కును కిందికి అదిమి, అది తిరిగి లేస్తున్న క్షణంలోనే రేజ్ ఇచ్చి క్లచ్ వదిలితే ముందు చక్రం లేస్తుంది. అది దుంగ పై అంచును తాకాలి. తాకగానే రేజ్ తగ్గించి, కాళ్లు తేలిక చేసి, శరీరాన్ని ముందుకు పోనిస్తే వెనక చక్రం తనంతట తానే ఎక్కుతుంది. కొత్తవారు ఈ రెండో సగంలోనే తప్పుతారు: వెనక చక్రం దుంగను తాకే వేళ రేజ్ ఇస్తే బండి వెనక భాగం పైకి తన్ని మనిషిని ముందుకు విసురుతుంది.

ఏటవాలు ఎక్కేటప్పుడు కావలసిన ఊపు అడుగునే తీసుకోవాలి, మధ్యలో రేజ్ పెంచితే వెనక చక్రం తిరుగుతూ పట్టు పోగొట్టుకుంటుంది. సగంలో బండి ఆగిపోతే వెనక్కి తిప్పే ప్రయత్నం చేయకుండా ఇంజన్ ఆపి, గేరులోనే ఉంచి క్లచ్ వదిలేస్తే బండి జారదు. అప్పుడు ఎత్తు వైపుకు దిగాలి. బండితో వాలు దిగేటప్పుడు నడుము వెనక్కి, రెండు బ్రేకులు లేతగా. ముందు చక్రం బిగుసుకుపోతే పడటమే. లోతు తెలియని నీళ్లలోకి ముందు కాలినడకన దిగి చూడాలి. ఇంజన్‌లోకి నీళ్లు పోయినట్టు అనుమానం వస్తే కిక్ కొట్టకూడదు, ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి పోనిచ్చాకే తిప్పాలి.

ట్రయల్స్‌లో వేగం లేకపోయినా దెబ్బలు ఉంటాయి. హెల్మెట్, చీలమండ పైదాకా వచ్చే బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. మణికట్టుకు తాడుతో కట్టుకునే ఇంజన్ కట్ స్విచ్‌ను ఎవరూ వదలకూడదు. మనిషి కింద పడ్డాక ఇంజన్ ఆగకపోతే తిరుగుతున్న వెనక చక్రం వేళ్లను, చైను మాంసాన్ని లాగేసుకుంటుంది. ఒంటరిగా సాధన చేయకూడదు. రిజిస్ట్రేషన్ లేని పోటీ బండిని బ్రిటన్‌లోనైనా భారతదేశంలోనైనా ప్రజా రహదారి మీద నడపడం చట్టవిరుద్ధం. భూమి యజమాని అనుమతి, అటవీ ప్రాంతమైతే అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఒక్కరు అనుమతి లేకుండా పొలం గట్లు తొక్కితే ఆ చుట్టుపక్కల అందరికీ దారి మూసుకుపోతుంది.

పోటీలో సెక్షన్‌లోకి బండి దించే ముందు దాన్ని కాలినడకన నడిచి చూడటం ఆనవాయితీ. ఏ రాయి కదులుతుందో, ఏ వేరు తడిగా ఉందో, ఎక్కడ మలుపు తీసుకోవాలో పాదాలకే తెలుస్తుంది. ముందు వెళ్లినవారి చక్రాల జాడలనూ చూడాలి, కానీ గుడ్డిగా అనుసరించకూడదు. ఉదయం పొడిగా ఉన్న రాయి యాభై బండ్లు వెళ్లాక బురద పూసుకుని ఉంటుంది. స్కాటిష్ సిక్స్ డేస్ పోటీలో కిన్‌లోచ్‌లెవెన్ ఊరి దగ్గర పైప్‌లైన్ అనే పేరు మోసిన ఏటవాలు సెక్షన్ ఉంది. దాన్ని చూడటానికే జనం కొండెక్కి గట్ల మీద కూర్చుంటారు. అక్కడ కాలు ఆనకుండా పైకి చేరాలంటే ముందు కింద నిలబడి చూసి దారి నిర్ణయించుకోవాలి.

ఈ క్రీడ క్లబ్బుల మీద, వాటి కోసం జీతం లేకుండా వానలో నిలబడే అబ్జర్వర్ల మీద నడుస్తుంది. కొత్తగా బండి కొన్నవారు పోటీకి పేరు ఇచ్చే ముందు ఒక రోజు అబ్జర్వర్‌గా నిలబడాలి. ఒకే సెక్షన్‌లో యాభై అరవైమంది ఎక్కడ కాలు దించారో, ఎందుకు దించారో దగ్గరి నుంచి చూసే అవకాశం మరే విధంగానూ దొరకదు, క్లబ్బుకు ఒక మనిషి లోటూ తీరుతుంది.